లైను కింద లైను

మా ఊళ్ళో వీధిని వీధి అనరు, లైను అంటారు.
బ్రాడీపేట నాలుగో లైను, పదమూడో అడ్డరోడ్డు:
కవరు మీద నాలుగు బై పదమూడని రాస్తే చాలు,
పేరు తప్పయినా ఉత్తరం చేరుతుంది.
ఆ లైను కింద ఇంకో లైనుంది.
పసుప్పచ్చ గొట్టం, నా ముంజేతంత లావు.
దానికి నేను కాపలాదారునో, నర్సునో
ఎనిమిదేళ్ళయినా తేల్చుకోలేదు.
నెలకోసారి దాని నెత్తి మీదుగా నడుస్తాను
ముక్కున్న పెట్టె ఒకటి చేత్తో పట్టుకుని.

పెట్టెకి ముక్కెందుకంటే
ఈ గాలికి సొంత వాసన లేదు.
మా మిరపకాయైతే యార్డులో టిక్కీ విప్పకముందే
రోడ్డంతా కబురు పంపుతుంది,
బస్సులో కిటికీల పక్కనోళ్ళు వరసగా తుమ్ముతారు.
ఇదలా కాదు. నోరూ వాయీ లేనిది.
ఊరి బయట స్టేషన్లో కాస్త కంపు కలిపి పంపుతారు,
ఎరువు తెచ్చుకున్న కంపు.
పైకొచ్చేలోపు సగం మట్టే తాగేస్తుంది,
మిగిలిన సగం మురుక్కాలవ ఖాతాలో పడుతుంది.

టైలరు పోలేశ్వరరావు కొట్టు ముందు
కానుగ మొక్క నాటాడు. చచ్చింది.
మళ్ళీ నాటి, చుట్టూ ఇటుకలు పేర్చాడు. చచ్చింది.
మూడోది వాడిన రోజు,
వేడి గంజి తెచ్చి పోస్తున్నావంటూ
ఎదురు హాస్టల్లో వంట చేసే రత్నమేరీతో
నడిరోడ్డు మీద దెబ్బలాడాడు.
ఆర్నెల్లయింది, ఇద్దరికీ మాటల్లేవు.
ఆవిడ జాకెట్టు గుడ్డ ఇప్పటికీ అతని బీరువాలోనే ఉంది,
కొలతల చీటీతో సహా.

నిన్న మధ్యాహ్నం పెట్టె అక్కడ కూసింది.
పెద్దగా కాదు,
పాలు తాగి పడుకున్న పిల్ల కలలో మూలిగినట్టు.
నాగుల్ మీరా గునపం అందుకున్నాడు.
బండ లేచింది, ఎర్రమట్టి లేచింది,
నడుం లోతున గొట్టం అతుకు కనిపించింది.
సబ్బునీళ్ళు పోశాను.
చూస్తుండగా నురగలో ఒక బుడగ,
శెనగ్గింజంత,
ఉసిరికాయంత,
అందులో మేం ముగ్గురం, కొట్టు షట్టరు, వంకర పోయిన ఆకాశం ముక్క
పగిలింది.
ఇంకోటి మొదలైంది.

"ఇదా!" అన్నాడు టైలరు, మెడలో టేపు సవరించుకుంటూ.
"ఎన్నాళ్ళ నుంచమ్మా?"
మొక్కల్ని లెక్కపెట్టుకోమన్నాను.

మా రిజిస్టర్లో లీకులు మూడు తరగతులు.
పేలేది ఒకటి. పేలబోయేది రెండు.
మూడోది ఇదిగో, ఇలాంటిది:
ఇల్లు కూలదు, మనిషి చావడు,
"వచ్చే తనిఖీలో మళ్ళీ చూడవలెను."
ట్రైనింగులో ఒకాయన బల్ల గుద్ది చెప్పాడు,
ఇరవై ఏళ్ళ లెక్క తీస్తే ఇది
బొగ్గుపులుసు గాలి కంటే ఎనభై రెట్లు వేడిని పట్టి ఉంచుతుందని.
బయటికొచ్చి అందరం టీ తాగాం.
ఆ ఎనభై రాసుకోవడానికి రిజిస్టర్లో గడి లేదు.
రోహిణి కార్తెకు రోళ్ళు పగిలాయే అనుకో,
ఏ బుడగ మీద కేసు పెడతావు?

నాగుల్ మీరా మట్టి లాగడం మొదలెట్టాడు.
పోలేశ్వరరావు రోడ్డు దాటి
హాస్టలు గేటు దగ్గర నిలబడ్డాడు చాలాసేపు.
ఏమన్నాడో మోటారు సైకిళ్ళ మోతలో వినపడలేదు.
రత్నమేరీ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది,
గోతిలోకి వంగి చూసింది,
అతన్ని కాదు, నన్నడిగింది:
"ఇంకా వస్తానే ఉంది గదా,
మరి పూడుస్తన్నారేంటి?"

పెట్టె ఆపేశాను.
దాని ముక్కు మీద మట్టి తుడిచాను, అవసరం లేకపోయినా.

రిమార్కుల గడి వేలెడంత ఉంటుంది.
పట్టేలా చిన్నక్షరాలతో రాశాను:
కానుగ మొక్కలు, మూడు.